నలభై ఒక్క గీతలు: పరిశుద్ధత గురించి ఒక సంఘ కాపరి (పాస్టర్) రాసుకున్న కేస్ స్టడీ

ఆయన వచ్చి కూర్చోగానే సంచిలోంచి ఒక చిన్న నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టారు. "అయ్యగారూ, ముందు ఇది చూడండి. తర్వాత మాట్లాడతాను" అన్నారు. ప్రతి పేజీలో తేదీలు, వాటి పక్కన నిలువు గీతలు. అక్కడక్కడ ఒక తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. గీత ఉంటే ఆ రోజు గెలిచారు, సున్నా ఉంటే పడిపోయారు. చివరి వరుసలో నలభై ఒక్క గీతలు, ఆ పైన ఒక సున్నా. దాని తర్వాత మూడు వారాలపాటు పేజీ ఖాళీగా ఉంది.

నేను ఆ గీతలనూ సున్నాలనూ జాగ్రత్తగా చూశాను. ఖాళీని మాత్రం పట్టించుకోలేదు. ఈ కేసులో అసలు సంగతి ఆ ఖాళీలోనే ఉందని తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆయనా, ఆయన భార్యా అనుమతి ఇచ్చిన తర్వాతే ఇది రాస్తున్నాను. వారిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు నలభైకి దగ్గర. పెళ్లయింది, పద్నాలుగేళ్ల కూతురు ఉంది. ఒక చిన్న ముద్రణాలయం నడుపుతున్నారు. పంతొమ్మిదో ఏట మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆదివార బడిలో పిల్లలకు బోధిస్తారు. వాక్యం బాగా తెలిసినవారు, సంఘంలో మంచి పేరున్నవారు.

ఆయన బాధ ఇది. రాత్రిపూట ఒంటరిగా ఉన్నప్పుడు ఫోనులో చూడకూడనివి చూసే అలవాటు ఏళ్లుగా ఉంది. ఎన్నిసార్లు తీర్మానం చేసుకున్నా మళ్లీ పడిపోతున్నారు. ఈసారి నలభై ఒక్క రోజులు నిలబడ్డాక పడిపోయేసరికి గుండె పగిలింది. "రక్షణే పోగొట్టుకున్నానేమో" అని అడిగారు. మూడు వారాలుగా ప్రార్థన చేయలేదు, బైబిలు తెరవలేదు, ప్రభువు బల్లలో, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణలో, పాల్గొనలేదు.

ఇలాంటి నిరాశతో వచ్చిన వారిని నేను మొదట అడిగేది వాక్యం గురించి కాదు. నిద్ర ఎలా ఉందని, బతకాలని లేదనిపిస్తోందా అని సూటిగా అడుగుతాను. ఒకే పాపాన్ని పదిసార్లు ఒప్పుకొన్నా ఊరట రావడం లేదా అని కూడా అడుగుతాను. అలా ఊరట దొరకనివారిలో కొందరిది ఆత్మీయ సమస్య కాదు, వైద్యం అవసరమైన జబ్బు. అక్కడ ఉపదేశం గాయాన్ని ఇంకా కెలుకుతుంది. ఈయనకు చనిపోవాలన్న ఆలోచన లేదు. పదేపదే ఒప్పుకోవడం కొంత ఉంది. అందుకే మానసిక వైద్యుణ్ణి ఒకసారి కలవమన్నాను. జబ్బు అనదగినది లేదని, నిద్ర మాత్రం చాలా తక్కువగా ఉందని ఆ వైద్యుడు చెప్పారు. ఆ చివరి మాటను నేను తేలికగా తీసుకున్నాను.

నేను చేసిన తప్పు

మొదటి రెండు నెలలు నేను ఆయన లెక్కను మరింత బిగించాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు ప్రార్థన, వారానికి ఒక ఉపవాసం, రోజుకు మూడు అధ్యాయాల వాక్యధ్యానం అని ఒక పట్టిక రాసిచ్చాను. ఇవన్నీ మంచివే. నా సొంత జీవితంలో నన్ను నిలబెట్టినవే. కానీ దప్పికతో ఉన్నవాడికి నీళ్లకు బదులు బిందెలు అందించినట్టు చేశాను. ఆయన పట్టికను అక్షరాలా పాటించారు. పందొమ్మిదో రోజున పడిపోయారు. మళ్లీ పట్టుకుని పన్నెండో రోజున పడిపోయారు. ఈసారి నా దగ్గరకు కూడా రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

నేనే ఆయన దగ్గరకు వెళ్లాను. క్షమాపణ అడిగి, పట్టిక పక్కన పెట్టమన్నాను. ఆ నోటుపుస్తకాన్ని మళ్లీ ఇద్దరం కలిసి చూద్దామన్నాను.

ఈసారి తేదీలను తేదీలుగానే చూశాం. పదకొండు ఎర్ర సున్నాల్లో తొమ్మిది అర్ధరాత్రి దాటాక పడినవే. వాటిలో ఎక్కువ భాగం ఉపవాస దినం తర్వాతి రాత్రి కానీ, పనిలో గొడవ జరిగిన రోజు కానీ. నాలుగు గంటలకు లేచే మనిషి పన్నెండు వరకు మేలుకొని ఉంటున్నారు. అలసట, ఒంటరితనం, మింగిన కోపం, చేతిలో ఫోను. ఇవి ఏ రాత్రి ఒక్కచోట చేరితే ఆ రాత్రి పడిపోతున్నారు. వైద్యుడు చెప్పిన మాట అప్పుడు నాకు తలకెక్కింది.

బదరీవృక్షం కింద పడుకొని చావును కోరుకున్న ఏలీయా ప్రవక్తతో దేవుడు మొదట ఏం చేశాడో మొదటి రాజులు 19వ అధ్యాయం చెబుతుంది. మందలించలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. ఈ భాగం మీద ఎన్నోసార్లు ప్రసంగించిన నేను నా ముందు కూర్చున్న మనిషికి నాలుగు గంటల అలారం పెట్టించాను. ఇది గుర్తొస్తే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

పట్టిక మార్చాం. పది గంటలకు ఫోను హాల్లో ఉండాలి, ఆయన పడకగదిలో ఉండాలి. ఏడు గంటల నిద్ర. ఉపవాసం కొన్నాళ్లు వద్దు. ప్రార్థన ఉదయం ఆరింటికి, పావుగంట. ఇంత తక్కువా అని ఆయన ఇబ్బంది పడ్డారు. కన్ను అభ్యంతరపరిస్తే పెరికివేయమన్న ప్రభువు మాటను ఎంత గట్టిగా తీసుకోవాలో, శరీరం పరిశుద్ధాత్మకు ఆలయమన్న మాటను కూడా అంతే గట్టిగా తీసుకోవాలని చెప్పాను. ఆలయానికి నిద్ర అవసరమని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

ఇంటివారి మాట

మూడో నెలలో ఆయనే అన్నారు, "నా భార్యకు అంతా చెప్పాను. మీతో మాట్లాడాలంటోంది" అని. ముగ్గురం కూర్చున్నాం. ఆమె చాలాసేపు మౌనంగా ఉన్నారు. తర్వాత చెప్పిన మాట ఈ కేసు మొత్తాన్ని తిప్పేసింది.

"అయ్యగారూ, ఆయన పడిపోయిన రోజులు మాకు తెలిసేవి కావు. గెలుస్తున్న రోజులే తెలిసేవి. ఎందుకంటే ఆ రోజుల్లో ఇంట్లో అందరం భయపడేవాళ్లం. ఆ నలభై రోజులూ మా అమ్మాయి ఆయన ముందు అన్నం కూడా సరిగా తినలేదు. ప్రార్థనలో కళ్లు తెరిస్తే తప్పు, నవ్వితే తప్పు, ఆలస్యంగా లేస్తే తప్పు. ఆయన మెత్తబడి మాట్లాడితే, ఏదో జరిగింది, ఓడిపోయారు అనుకునేదాన్ని."

ఆయన తల వంచుకొని ఏడ్చారు. ఓదార్చడానికి నా దగ్గర మాట లేదు. ఆ నలభై ఒక్క గీతల్లో ప్రతి ఒక్కటీ ఆయన దృష్టిలో పరిశుద్ధంగా గడిచిన రోజు. ఇంట్లోవారికి మాత్రం అది పళ్ల బిగువున గడిపిన రోజు. గలతీ పత్రిక ఐదో అధ్యాయంలో ఆత్మ ఫలం అని లెక్కించినవి ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం. ఆయన పుస్తకంలో చివరిదానికి మాత్రమే చోటుంది. మిగిలిన ఎనిమిదీ కనబడాల్సింది పక్కనున్న మనుషులకు. ఆ మనుషులను మేమిద్దరం అప్పటివరకు అడగనే లేదు.

ఆత్మీయ సలహా కోసం వచ్చేవారితో ఇప్పుడు నేను వీలైనంత త్వరగా ఒక ప్రశ్న వేస్తున్నాను. మీరు ఆత్మీయంగా బాగున్నారని మీకు అనిపించే రోజుల్లో, మీతో బతికేవారికి ఎలా ఉంటుంది?

గోడ మీది వాక్యం

వారి ఇంటి గోడ మీద ఒక వాక్యం రాసి ఉందని ఆమె మాటల్లో వచ్చింది. "పరిశుద్ధతలేకుండ ఎవడును ప్రభువును చూడడు." హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం, 14వ వచనం. బైబిలు తెరిచి మొత్తం చదవమని ఆయన్ను అడిగాను. "అందరితో సమాధానమును పరిశుద్ధతయు కలిగి యుండుటకు ప్రయత్నించుడి. పరిశుద్ధతలేకుండ ఎవడును ప్రభువును చూడడు." గోడ మీద రెండో సగమే ఉంది. సమాధానమూ పరిశుద్ధతా ఒకే కాడి కింద నడుస్తున్న వచనాన్ని ఆయన రెండుగా విరిచి, సగాన్ని గోడకెక్కించారు. ఆ సగం అబద్ధం కాదు. ఆ హెచ్చరికను నేను ఏమాత్రం తగ్గించి చెప్పలేదు. కానీ మొదటి సగాన్ని వదిలేసి రెండో సగాన్ని పట్టుకుంటే అది భయపెడుతుంది తప్ప దారి చూపదు.

తర్వాత కలిసిన రెండుసార్లూ లేవీయకాండము 19వ అధ్యాయం చదివాం. "పరిశుద్ధులై యుండవలెను" అన్న ఆజ్ఞ రెండో వచనంలో వస్తుంది. చాలామంది అక్కడ ఆగిపోతారు. ఆ ఆజ్ఞకు దేవుడే ఆ అధ్యాయమంతా వివరణ ఇస్తున్నాడని గమనించరు. తల్లికీ తండ్రికీ భయపడాలి. పొలం అంచుల దాకా కోయకుండా బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి. చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాని ముందు అడ్డం వేయకూడదు. పగ పెట్టుకోకూడదు, నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమించాలి. త్రాసులు, రాళ్లు, కొలపాత్రలు న్యాయంగా ఉండాలి. శరీర పవిత్రత గురించిన ఆజ్ఞలు ముందు అధ్యాయంలోనూ తర్వాతి అధ్యాయంలోనూ గట్టిగానే ఉన్నాయి. వాటి నడుమ ఈ అధ్యాయం పెట్టి, పరిశుద్ధత పొలంలోకీ దుకాణంలోకీ వీధిలోకీ వస్తుందని దేవుడు చెబుతున్నాడు.

ఆయన బిగ్గరగా చదువుతున్నారు. పదమూడో వచనం దగ్గర ఆగిపోయారు. కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదు అన్న మాట అది. చదవడం మానేసి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. నేను ఏమీ అడగలేదు. చాలాసేపటి తర్వాత చెప్పారు. ముద్రణాలయంలో పనిచేసే ఒక పెద్దాయనకు అదనపు గంటల కూలి నాలుగు నెలలుగా ఇవ్వలేదట. చేతిలో డబ్బు లేక కాదు. అడగడు కదా అని.

"అయ్యగారూ, ఈ నాలుగు నెలల్లో నా పుస్తకంలో దీనికి ఒక్క సున్నా కూడా లేదు" అన్నారు.

ఆ నాలుగు నెలల్లోనూ గెలిచిన రోజులకు గీతలు పడుతూనే ఉన్నాయి. మర్నాడు ఉదయం ఆయన ఆ పెద్దాయన దగ్గరకు వెళ్లి బాకీ అంతా తీర్చి, క్షమించమని అడిగారు. వెళ్లమని నేను చెప్పలేదు. ఇన్నేళ్ల పరిచర్యలో పరిశుద్ధాత్మ దేవుడు వాక్యంతో ఒక మనిషి మనసును నా కళ్లముందు తాకిన సందర్భాల్లో దాన్ని ముందు వరుసలో ఉంచుతాను.

ముందు ఎవరివారం

అయినా ఒక ప్రమాదం మిగిలే ఉంది. ఒక రకం సున్నాల స్థానంలో నాలుగు రకాల సున్నాలు పెట్టుకుని ఆయన మరింత పెద్ద లెక్కలపుస్తకం మొదలుపెట్టవచ్చు. నిజంగానే ఒక వారం అలా చేశారు కూడా. కాబట్టి లెక్క కింద ఉన్న నమ్మకాన్ని తవ్వాల్సి వచ్చింది. ఆయన మనసులో పరిశుద్ధత అంటే దేవుడు నన్ను ఉంచుకోవడానికి నేను కట్టాల్సిన మూల్యం.

హెబ్రీ భాషలో "ఖాదోష్" అన్న మాటలో ప్రత్యేకింపబడడం అన్న భావం ఉంది. మండుతున్న పొద దగ్గర మోషే చెప్పులు విడిచిన నేలను గురించి అడిగాను. ఆ నేల ఏం చేసి పరిశుద్ధమైంది? నిన్నటిదాకా మందలు తొక్కిన నేలే. దేవుడు అక్కడికి వచ్చాడు కాబట్టి పరిశుద్ధమైంది. అలాగే కొలొస్సీ పత్రిక మూడో అధ్యాయంలో జాలిని, దయను, వినయాన్ని, సాత్వికాన్ని, దీర్ఘశాంతాన్ని ధరించుకోమని చెప్పే ముందు, ఆ మాట ఎవరితో చెబుతున్నాడో పౌలు చెబుతాడు: దేవునిచేత ఏర్పరచబడినవారు, పరిశుద్ధులు, ప్రియులు. బట్టలు వేసుకుంటే బిడ్డవవుతావని అనలేదు. బిడ్డవు కాబట్టి బిడ్డకు తగిన బట్టలు వేసుకోమన్నాడు.

క్రైస్తవ సిద్ధాంతాన్ని ప్రశ్నలు, జవాబులుగా చెప్పే 17వ శతాబ్దపు వెస్ట్‌మినిస్టర్ పెద్ద ప్రశ్నోత్తరిలో 77వ ప్రశ్న ఈ మెలికనే విప్పుతుంది. నీతిమంతులుగా తీర్చబడడం, అంటే దేవుడు క్షమించి నీతిమంతులుగా ఎంచడం, విశ్వాసులందరికీ సమానం, ఈ జీవితంలోనే సంపూర్ణం. పరిశుద్ధపరచబడడం, అంటే జీవితం క్రమంగా మారడం, అందరిలో సమానంగా ఉండదు, ఈ జీవితంలో ఎవరిలోనూ సంపూర్ణం కాదు, పరిపూర్ణత వైపు పెరుగుతూ ఉంటుంది. ఆ చివరి మాట విషయంలో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ బాటలో నడిచేవారు నాతో పూర్తిగా ఏకీభవించరని తెలుసు. ఈ జీవితంలోనే ప్రేమలో పరిపూర్ణత సాధ్యమని వెస్లీ బోధించాడు. ఆ ఆశను నేను గౌరవిస్తాను. కానీ మా ఇద్దరికీ అడ్డం వచ్చింది ఆ చర్చ కాదు. ఆయన రెండోదాన్ని మొదటిదానికి పునాదిగా వేసుకున్నారు. పెరుగుదల ఆగిన ప్రతిసారీ పునాది కదిలిపోయినట్టు వణికారు.

ఇలా చెబితే పాపం చులకన కాదా అని ఆయనే అడిగారు. రోమా పత్రిక ఆరో అధ్యాయం ఆ ప్రశ్నతోనే మొదలవుతుందని గుర్తు చేశాను. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అన్న ప్రశ్న ఎవరికైనా పుట్టిందంటే, కృపను సరిగానే విన్నారన్నమాట. దానికి పౌలు ఇచ్చిన జవాబు బెదిరింపు కాదు. మీరు పాపం విషయమై చనిపోయారు, ఇక దానిలో ఎలా జీవిస్తారు అని.

ఖాళీ పేజీ

ఇక ఆ ఖాళీ. ఒక సాయంత్రం పుస్తకం తిరగేస్తూ ఉంటే ప్రతి ఎర్ర సున్నా తర్వాతా ఖాళీ రోజులు ఉన్నాయని కనబడింది. ఎక్కువ రోజులు గెలిచిన తర్వాత పడితే ఖాళీ కూడా ఎక్కువ. పాపం ఒక రాత్రిది. దేవునికి దూరంగా గడిపింది మూడు వారాలు. ఆ మూడు వారాలను ఆయన శిక్షగా, ఒక విధమైన పశ్చాత్తాపంగా భావించారు. నాకు మాత్రం అవే అసలు నష్టంగా కనబడ్డాయి. శిష్యుడైన పేతురు తనను ఎరుగనని బొంకుతాడని ప్రభువుకు ముందే తెలుసు. అతని నమ్మిక తప్పిపోకుండా ముందే వేడుకొన్నాడు. నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచు అని పని కూడా ముందే అప్పగించాడు. పడకముందే తిరిగిరావడానికి తలుపు తెరిచి ఉంచిన ప్రభువు ఆయన.

అప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నాం. గీతలు, సున్నాలు ఆపేయాలి. రాయాలనుకుంటే ఒక్కటే రాయాలి: పడిపోయిన గంట, ప్రార్థనకు తిరిగి వచ్చిన గంట. ఎదుగుదలను ఆ రెండింటి నడుమ దూరంలో చూద్దామన్నాను.

ఇది ఒంటరిగా జరిగే పని కాదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికి మెథడిస్టులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. సుమారు పన్నెండు మందికి ఒక నాయకుడు, వారానికి తలా ఒక పెన్నీ వసూలు. డబ్బు కోసం ఇళ్లకు వెళ్లిన ఆ నాయకులకు ఎవరు ఎలా బతుకుతున్నారో తెలిసింది. ఒకరి ఆత్మను ఒకరు కనిపెట్టి చూసుకునే చిన్న గుంపులుగా అవి మారాయి. అప్పు వసూలు నుంచి ఆత్మల సంరక్షణ పుట్టడం నాకెప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. ఈయనకు నేను పన్నెండు మందిని వెతకలేదు. సంఘంలో ఆయనకంటే పెద్దవయసు సహోదరుడు ఒకరు చాలు అనుకున్నాం. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాసింది కాపరితో మాత్రమే అని కాదు కదా. పడిపోతే ఆ రాత్రే ఆ అన్నయ్యకు ఫోను చేయాలి. ఆయన ఉపన్యాసం ఇవ్వకూడదు, ఫోనులోనే కలిసి ప్రార్థించాలి. అంతే షరతు.

మొదటిసారి ఫోను చేయడానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది. రెండోసారి ఒక రోజు.

పదకొండో నెల

పడిపోవడం తగ్గింది. ఆగిపోలేదు. గడిచిన మూడు నెలల్లో రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ గంటలోపే ఆ అన్నయ్యకు ఫోను వెళ్లింది. తర్వాతి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ఆయన్ను చూశాను. చేతులు వణుకుతున్నాయి, కానీ వెనుక బెంచీలో దాక్కోలేదు.

ఆయన భార్యను విడిగా అడిగాను. కోపం ఇంకా ఉందన్నారు. అయితే ఇప్పుడు అరిచిన తర్వాత ఆయనే వచ్చి క్షమించమని అడుగుతున్నారట. పెళ్లయిన పదహారేళ్లలో అది కొత్త అన్నారు. ఆయన మీద నమ్మకం పూర్తిగా తిరిగి రాలేదని కూడా దాచకుండా చెప్పారు. త్వరగా రప్పించుకోవాలని నేను ఆమెను తొందరపెట్టలేదు. గాయపడినవారి మీద క్షమాపణను బాధ్యతగా మోపడం కాపరులం చేసే తప్పుల్లో పెద్దది.

కూతురు ఇంకా కుటుంబ ప్రార్థనలో కూర్చోవడం లేదు. ఒకప్పుడైతే ఆయన బలవంతంగా కూర్చోబెట్టేవారు. ఇప్పుడు ఆమె గది తలుపు ముందు ఆగి, "మేము మొదలుపెడుతున్నాం తల్లీ" అని చెప్పి వెళ్లిపోతున్నారు. తలుపు ఒక్కోసారి కొంచెం తెరిచి ఉంటుందట.

గోడ మీద వాక్యాన్ని తీసేయలేదు. దాని పైన ఖాళీగా ఉన్న చోట మొదటి సగం రాయించారు. మేమిద్దరం ఇప్పుడు రెండు నెలలకోసారి కలుస్తున్నాం. వచ్చేసారి యాకోబు పత్రిక మూడో అధ్యాయం, నాలుక గురించిన భాగం చదువుదామని ఆయనే అడిగారు.